అత్తయ్యగారి ఇన్సులిన్, పత్తి చేను, ముసలి గేదె

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. నేను టెన్త్ వరకే చదివాను, కిరాణా కొట్టు నడుపుతాను. మా అత్తయ్యకు పదకొండేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా ఇన్సులిన్ వేస్తున్నాం. ఈమధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. మనిషి జన్యువు ఎక్కించిన క్రిములతో ఇన్సులిన్ తయారు చేస్తారట, అది ఒంట్లోకి పోతే మన జన్యువులే మారిపోతాయట. అది విన్నప్పటి నుంచి అత్తయ్య సూది వద్దంటోంది. రెండు రోజులైంది. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. వాణ్ని అడిగితే "క్లోనింగ్ అన్నా జెనెటిక్ ఇంజినీరింగ్ అన్నా ఒకటేనమ్మా, మా పుస్తకంలో రెండూ ఒకే పాఠం" అన్నాడు. మా ఆయన నాలుగెకరాల్లో బీటీ పత్తి వేస్తారు. మనం వేసేదీ అలాంటిదే కదా, అది మంచిదా చెడ్డదా అని ఆయన అనుమానం. ఇంకొకటి, మీరు నవ్వకూడదు. మా గేదె పూటకు ఏడు లీటర్లిచ్చిన గేదె. ఇప్పుడు ముసలిదైంది. దాన్ని క్లోనింగ్ చేయించుకోవచ్చని ఎవరో అన్నారు. నిజమేనా? నాకు అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. మూడింటికి తీరిగ్గా జవాబు చెప్పుకోవచ్చు, ఒకదానికి తీరిక లేదు. అందుకే ఉత్తరం అందిన రోజే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఇలాంటి మెసేజ్ చూసి సూది మానేసిన ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి. ఇన్సులిన్ మానేసి ఉంటే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పండి. పాత మోతాదే వేయాలా, ముందు షుగర్ చూడాలా అన్నది డాక్టరే చెప్పాలి. తప్పిపోయిన సూదులన్నీ కలిపి ఒకేసారి ఎక్కువ మోతాదు మాత్రం వేయకండి. షుగర్ హఠాత్తుగా పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఫోన్ల దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఆ సీసాలో ఏముందో చూద్దాం.

ఇన్సులిన్ ఒక ప్రోటీన్. 51 పూసలతో గుచ్చిన రెండు చిన్న దండలనుకోండి. ఒకదాంట్లో 21 పూసలు, రెండోదాంట్లో 30. మన పొట్టలో జీర్ణాశయం వెనక ఉండే క్లోమం దీన్ని తయారు చేస్తుంది. 1922 నుంచి దీన్ని మందుగా వాడుతున్నారు. మొదటి అరవై ఏళ్లూ ఈ మందు ఎక్కడి నుంచి వచ్చేదో మీ అత్తయ్యగారికి చెప్పండి. కబేళాల్లో కోసిన ఆవుల, పందుల క్లోమాల నుంచి. టన్నుల కొద్దీ క్లోమాలు నలగ్గొడితే కాస్త ఇన్సులిన్ వచ్చేది.

మా నాన్నగారు 1980ల్లో వేయించుకున్నది అదే. స్టవ్ మీద గాజు సిరంజి మరిగించి నేనే వేసేవాణ్ని. శివరాత్రికి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి ఆయన. సీసాలో ఉన్నది ఆవుదని తెలిసిన రోజు ఏమీ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు పొద్దున ఆయనే చెయ్యి చాపారు, బతకాలి కదా. కొందరికి ఆ సూది పడిన చోట దద్దుర్లు లేచేవి, చర్మం గుంటలు పడేది. పశువు ఇన్సులిన్ మన దానికి దగ్గరే గానీ అచ్చంగా అదే కాదు. పందిదానికీ మనదానికీ ఒక పూస తేడా, ఆవుదానికి మూడు పూసలు తేడా.

1978లో అమెరికాలో శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. మనిషి ఇన్సులిన్‌కు ఏ వరసలో పూసలు గుచ్చాలో చెప్పే జన్యువును ల్యాబ్‌లోనే అక్షరం అక్షరం పేర్చి తయారు చేశారు. గమనించండి, ఏ మనిషి ఒంట్లోంచీ కోసి తీసింది కాదది. దాన్ని ఇ.కోలై అనే బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. బ్యాక్టీరియాకు అది మనిషిదా మరొకరిదా అన్న పట్టింపు లేదు. లోపల ఏ లెక్క ఉంటే ఆ ప్రకారం ప్రోటీన్ చేసి పెడుతుంది. మీరు రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగేది కూడా సూక్ష్మజీవుల పనే కదా. ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో అలాగే వీటిని కోట్లలో పెంచుతారు. తర్వాత వాటిని పగలగొట్టి, వడకట్టి, శుద్ధి చేసి, ఒక్క ఇన్సులిన్‌ను మాత్రమే వేరు చేస్తారు. 1982లో దీనికి అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశంలో తయారవడం 2003, 2004ల్లో మొదలైంది. బెంగళూరు కంపెనీ బయోకాన్ బ్యాక్టీరియాకు బదులు ఈస్ట్ అనే ఇంకో రకం సూక్ష్మజీవితో చేసింది.

అంటే ఆ మెసేజ్‌లో సగం నిజం. క్రిమిలో మనిషి జన్యువు పెట్టి చేస్తారన్నది నిజమే. మన జన్యువులు మారిపోతాయన్నది అబద్ధం. సూదిలోకి వచ్చేది తయారైన ప్రోటీన్. దాన్ని తయారు చేసిన జన్యువు ఫ్యాక్టరీలోనే ఆగిపోతుంది. పైగా ఆ ప్రోటీన్ మన క్లోమం చేసేదానితో ఒక్క పూస తేడా లేకుండా సరిపోతుంది. కొందరికి ఇప్పుడు రాసే కొత్త రకాల్లో, త్వరగా పనిచేయడానికో రోజంతా నిలవడానికో కావాలనే ఒకటి రెండు పూసలు మారుస్తారు. అవీ జన్యువుల జోలికి పోవు.

మీ అబ్బాయికి పసితనంలో వేయించిన హెపటైటిస్-బి టీకా కూడా ఇలాంటిదే. వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్ లెక్కను ఈస్ట్‌కు అప్పగించి చేయించిన టీకా అది. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని మన దేశంలోనే తయారు చేసి తెచ్చింది. అంతకుముందు విదేశాల నుంచి వచ్చే టీకా ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు. జన్యువు, ఇంజినీరింగ్ అనే మాటలు వినగానే భయపడేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ టీకా సంగతే.

ఇప్పుడు మీవాడి మాటకు వద్దాం. క్లోనింగ్, జెనెటిక్ ఇంజినీరింగ్ ఒకటేనా?

మీరు పోచంపల్లి చీర చూసే ఉంటారు. ఆ చీర నేశాక దాని మీద బొమ్మ వేయరు. నూలు మగ్గం ఎక్కకముందే, ఏ పోగు మీద ఎక్కడ ఎరుపు రావాలో ఎక్కడ తెలుపు ఆగాలో లెక్కగట్టి, చిటికి కట్టి, రంగులో ముంచుతారు. చీరలో కనిపించే చిలకా ఏనుగూ ముందే పోగుల్లో ఉంటాయి. ప్రాణి కూడా అలాంటి నేతే. మన కణాల్లో దాదాపు అన్నింట్లో డీఎన్ఏ అనే పోగు ఉంది. ఒక్క కణంలోదాన్ని విప్పి సాగదీస్తే రెండు మీటర్లు వస్తుంది. దాని మీద నాలుగే రకాల ముడులు. ఆ నాలుగే వరస మారుతూ, తల్లి వైపు నుంచి 300 కోట్లు, తండ్రి వైపు నుంచి 300 కోట్లు. ఫలానా ప్రోటీన్ ఇలా చేయాలి అని చెప్పే ముడుల వరసను జన్యువు అంటాం. మనిషికి అలాంటివి సుమారు 20,000 ఉన్నాయి. కంట్లోని కణంలోనూ కాలేయంలోని కణంలోనూ మొత్తం పోగు ఉంటుంది గానీ, కన్ను తనకు కావలసిన వరసలే చదువుతుంది, కాలేయం తనవి చదువుతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, గొర్రె దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

జెనెటిక్ ఇంజినీరింగ్ అంటే ఆ పోగు మీద ఒక చోట ముడి విప్పి మార్చడం, లేదా ఇంకో ప్రాణి పోగులోంచి చిన్న ముక్క తెచ్చి అతకడం. మిగతా చీరంతా పాతదే, ఒక పువ్వు మాత్రం కొత్తది. క్లోనింగ్ అంటే ఒక్క ముడి కూడా కదపకుండా, ఆ పోగుల కట్టనంతా యథాతథంగా ఇంకో మగ్గం మీదికి ఎక్కించడం. మొదటిదాంట్లో మార్పే పని. రెండోదాంట్లో మార్పు రాకుండా చూడటమే పని.

మరి మీవాడికి ఒకటే అని ఎందుకు అనిపించింది? తప్పు వాడిది కాదు, మాటది. వాళ్ల పాఠంలో 'జీన్ క్లోనింగ్', 'క్లోనింగ్ వాహకం' అని వస్తాయి. అక్కడ క్లోనింగ్ అంటే ఒక్క జన్యువు ముక్కను బ్యాక్టీరియాలో పెట్టి దానికి కోట్ల నకళ్లు తీయడం. ఇన్సులిన్ విషయంలో జరిగింది అదే, అది జెనెటిక్ ఇంజినీరింగ్‌లో ఒక మెట్టు. మొత్తం గొర్రెనో గేదెనో మళ్లీ పుట్టించడం వేరే క్లోనింగ్. నేను పాతికేళ్లు జూనియర్ కాలేజీలో ఈ పాఠం చెప్పాను. ఏటా సగం క్లాసు ఇక్కడే తడబడేది, పరీక్షలో రెండూ కలిపి రాసేవాళ్లు. ఈ ఒక్క తేడా ముందే చెబితే మిగతా పాఠం వాళ్లంతట వాళ్లే చదువుకునేవారు.

నిజానికి క్లోనింగ్ మనకు కొత్త కాదు. బంగినపల్లి మామిడి టెంక పాతితే బంగినపల్లి వస్తుందా? రాదు, ఏదో ఒక పుల్లటి కాయ కాస్తుంది. ఎందుకంటే టెంకలో ఇంకో చెట్టు పుప్పొడి కూడా కలిసి ఉంటుంది. అందుకే మనవాళ్లు అంటు కడతారు. కడియం నర్సరీ నుంచి తెచ్చిన అంటైనా, మీ పక్కింటి పెరట్లోదైనా, బంగినపల్లి చెట్లన్నీ ఒకే పోగుల కట్ట. అరటి పిలకా అంతే, చెరుకు ముచ్చె అంతే. క్లోన్ అన్న మాటకు గ్రీకులో అసలు అర్థమే రెమ్మ. కవల పిల్లల్లో అచ్చుగుద్దినట్టుండేవాళ్లు కూడా ఒకరికొకరు క్లోన్లే. అది ప్రకృతి చేసిన పని, ఎవరూ భయపడరు.

జంతువులకు అంటు కట్టలేం. అక్కడే చిక్కు వచ్చింది. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో 1996 జూలై 5న ఒక గొర్రెపిల్ల పుట్టింది. పేరు డాలీ. ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్, వాళ్లతో పనిచేసినవాళ్లు ఏం చేశారంటే, ఆరేళ్ల తెల్ల మొహం గొర్రె పొదుగులోంచి ఒక కణం తీసుకున్నారు. ఇంకో జాతి గొర్రె అండం తీసుకుని, అందులోని కేంద్రకాన్ని, అంటే పోగుల కట్ట ఉండే గూటిని, సన్నటి గాజు గొట్టంతో పీల్చేశారు. ఖాళీ అయిన అండానికి పొదుగు కణాన్ని ఆనించి, కొద్దిగా కరెంటు తగిలించి, రెండూ కలిసిపోయేలా చేశారు. దాన్ని మూడో గొర్రె గర్భంలో పెట్టారు.

పుట్టగానే ఫలితం కళ్లకు కట్టింది. మోసిన తల్లిది నల్ల మొహం, పిల్లది తెల్ల మొహం. గొర్రెలు కాసే ఇంట్లో పిల్లాడైనా చెప్పేస్తాడు ఇది ఆ తల్లి పిల్ల కాదని. ప్రపంచం అంతగా ఆశ్చర్యపోయింది నకలు తీసినందుకు కాదు. పొదుగు కణం తన పొదుగు పని తప్ప మిగతావన్నీ చదవడం మానేసిన కణం. అది మళ్లీ మొదటి పుటకు వెళ్లి, కన్నూ గుండే గిట్టా అన్నీ చేయగలిగింది. ఖాళీ అండం దాన్ని అలా వెనక్కి తిప్పింది. ఎదిగిన జంతువు కణానికి అలా వెనక్కి తిరిగే వీలు లేదని అప్పటిదాకా శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మకం.

కానీ ఈ కథలో చాలామంది మర్చిపోయే అంకె ఒకటుంది. 277. అన్ని అండాలతో అలా ప్రయత్నిస్తే బతికి బట్టకట్టింది ఒక్క డాలీయే. డాలీ ఆరు పిల్లల్ని కన్నది, అవన్నీ మామూలుగా పుట్టినవే. ఊపిరితిత్తుల్లో ఒక వైరస్ వల్ల కణితి వచ్చింది, 2003 ఫిబ్రవరి 14న దానికి బాధ లేకుండా మరణం ఇచ్చారు. క్లోన్ కాబట్టే తొందరగా చచ్చిపోయిందని ప్రచారం జరిగింది గానీ, ఆ వైరస్ మామూలు గొర్రెలకూ వచ్చేదే.

మీ గేదె సంగతికి వస్తున్నాను. నవ్వలేదమ్మా, నవ్వే ప్రశ్న కాదు. హర్యానాలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థవాళ్లు 2009లోనే ముర్రా గేదెను క్లోన్ చేశారు. ఫిబ్రవరిలో పుట్టిన మొదటి దూడ కొద్ది రోజులకే చనిపోయింది. జూన్‌లో గరిమ పుట్టింది, అది రెండేళ్లకు పోయింది. 2010లో పుట్టిన గరిమ-2 పెరిగి, మామూలుగా ఈని, 2013లో మహిమ అనే పెయ్యను ఇచ్చింది. 2023 మార్చిలో అక్కడే గంగ అనే గిర్ ఆవు క్లోన్ పుట్టింది. అంటే మన దేశంలో అయ్యే పనే. చెవి నుంచి చిటికెడు చర్మం తీసుకుంటే చాలు, కణాలు దొరుకుతాయి.

అయినా మీకు వద్దంటాను. అది ఇప్పటికీ పరిశోధన సంస్థల్లో జరిగే పని, ఊళ్లో పశువైద్యశాలలో చేసేది కాదు. ఎవరైనా డబ్బు కట్టండి చేయిస్తాం అంటూ వస్తే మోసమని తెలుసుకోండి. ఒక్క దూడ నిలవడానికి ఎన్ని అండాలు, ఎన్ని గర్భాలు పోతాయో చూశారు కదా. ఆ సంస్థలు కూడా ఈ పద్ధతిని ఎక్కువగా చూస్తున్నది మేలైన దున్నల నుంచి వీర్యం ఎక్కువ దొరకాలని. ఒక దున్న వేల దూడలకు తండ్రి అవుతుంది, గేదె ఏడాదికి ఒక్క ఈత ఈనడమే కష్టం. మీకు ఉపయోగపడే దారి వేరే ఉంది. మీ గేదెకు పెయ్యదూడ ఉంటే, పాల దిగుబడి లెక్క తేలిన మంచి ముర్రా దున్న వీర్యంతో దానికి కృత్రిమ గర్భధారణ చేయించండి. ఆడదూడలే ఎక్కువగా పుట్టేలా వేరు చేసిన వీర్యం కూడా వస్తోంది, మీ పశువైద్యుణ్ని అడగండి.

ఇంకో సంగతి. క్లోన్ చేయించినా అది పూటకు ఏడు లీటర్లు ఇస్తుందని రాసివ్వలేం. ఆ ఏడు లీటర్లలో పోగుల వాటా కొంత, మీరు పోసిన తౌడు, పత్తి చెక్క, పచ్చగడ్డి, రోజూ ఒకే చెయ్యి పితకడం, వీటి వాటా మిగతాది. 2001 డిసెంబరులో అమెరికాలో టెక్సస్‌లో మొదటి పిల్లి క్లోన్ పుట్టింది. దాని మూలం మూడు రంగుల పిల్లి, నారింజ మచ్చలతో. పుట్టిన పిల్ల మీద ఒక్క నారింజ మచ్చ కూడా లేదు. పోగులు అవే. కానీ ఆ రంగు జన్యువు ఏ కణంలో పనిచేయాలో ఏ కణంలో నిద్రపోవాలో తల్లి కడుపులో తేలుతుంది. మొదటి పిల్లిలో నారింజ నిద్రపోయిన కణం నుంచి క్లోన్ తీశారు, అది మళ్లీ మేలుకోలేదు. ఒకే చిటికి పోగులతో ఇద్దరు నేస్తే రెండు చీరల అంచులూ ఒక్కలా రావని నేతగాళ్లు చెప్తారు కదా, అలా. చనిపోయిన మనిషిని క్లోనింగ్‌తో వెనక్కి తెస్తారని సినిమాల్లో చూసి ఆశపడేవాళ్లకు కూడా ఇదే జవాబు. వచ్చేది కొత్త పసిబిడ్డ. పాత జ్ఞాపకం ఒక్కటీ దానికి ఉండదు.

ఇప్పుడు మీవారి పత్తి. దీనికి నేను మంచిదనో చెడ్డదనో ఒక్క మాటలో చెప్పలేను. చెప్పినా అది ఆయనకు పనికి రాదు. 1997-98లో వరంగల్ వైపు పురుగు ఏ మందుకూ లొంగక, అప్పులు తీరక పత్తి రైతులు ప్రాణాలు తీసుకోవడం మా తరం కళ్లారా చూసింది. ఆ తర్వాత 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాలోంచి ఒక జన్యువు తెచ్చి పత్తి పోగులో అతికారు. బీటీ అంటే ఆ పేరులోని మొదటి అక్షరాలే. దాంతో పత్తి మొక్క తనంతట తానే ఒక ప్రోటీన్ చేసుకుంటుంది. శనగపచ్చ పురుగు దాన్ని తింటే, దాని పేగులోని క్షారానికి అది కరిగి పేగు గోడకు అంటుకుని చిల్లులు పెడుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, ఆ ప్రోటీన్ అంటుకునే చోటు మన పేగు గోడకు లేదు. పత్తి గింజ నూనెలో అయితే, శుద్ధి చేశాక ప్రోటీన్ దాదాపు మిగలదు. వరంగల్ వైపే 2006లో బీటీ చేలలో మేసి గొర్రెలు చనిపోయాయని కాపరులు ఫిర్యాదు చేశారు. దానికి బీటీయే కారణమనడానికి ఆధారం లేదని నియంత్రణ సంస్థ తేల్చింది. మందు కొట్టిన పత్తి చేలో పశువుల్ని వదలకపోవడమే మంచిది, బీటీ అయినా కాకపోయినా.

మొదటి ఏళ్లలో శనగపచ్చ పురుగుకు మందు కొట్టే ఖర్చు బాగా తగ్గిందన్నది నిజం. తర్వాత గులాబీ రంగు పురుగు తిరగబడింది. ముందు గుజరాత్‌లో, తర్వాత మన దాకా. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీజీ-2కు కూడా అది అలవాటు పడిపోయింది. ఎందుకో మీవారికి తెలిసే ఉంటుంది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్-బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. ఎంతమంది వేశారు? ఆ నాలుగు సాళ్లలో బతికే మామూలు పురుగులు, బీటీకి లొంగని ఒకటీ అరా పురుగులతో కలిస్తే, పుట్టే పిల్లలు మళ్లీ లొంగేవే ఎక్కువ. ఆ సాళ్లు లేకపోయేసరికి లొంగనివి లొంగనివాటితోనే కలిశాయి. రైతును మాత్రమే అనను. ఆ ప్యాకెట్ ఎందుకో చేను గట్టు మీద నిలబడి ఓపిగ్గా చెప్పినవాళ్లు తక్కువ.

కాబట్టి ఆయనకు నా సలహా ఇది. రసం పీల్చే పురుగుల మీద బీటీ పనిచేయదు, గులాబీ రంగు పురుగును ఇప్పుడు నమ్మకంగా ఆపదు. లింగాకర్షక బుట్టలు పెట్టుకోండి. చివరి కాపు మీద ఆశతో పంటను వేసవి దాకా లాగకుండా డిసెంబరు, జనవరికల్లా ముగించి, కట్టె తీసేయండి. కలుపు మందు తట్టుకుంటుందని బీజీ-3 పేరుతో దొంగచాటుగా అమ్మే విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. మొలవకపోయినా, పంట పోయినా అడిగే దిక్కుండదు. బిల్లు ఇవ్వని చోట విత్తనం కొనకండి. బీటీ విత్తనం ఏటా కొనాల్సి రావడానికి కారణం ఆ జన్యువు కాదు, అది హైబ్రిడ్ కావడం. హైబ్రిడ్ పంట గింజ దాచి వేస్తే తల్లి గుణం నిలవదు, జొన్నకైనా మొక్కజొన్నకైనా అంతే. హైబ్రిడ్ వేరు, జీఎం, అంటే జన్యువు అతికిన పంట, వేరు. మీ కొట్టుకు వచ్చే హైబ్రిడ్ టమాటా, ఊళ్లో బ్రాయిలర్ కోడి, గింజల్లేని ద్రాక్ష, ఇవేవీ జన్యువు అతికినవి కావు. మన దేశంలో అనుమతితో రైతులు సాగు చేస్తున్న జీఎం పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010లో ఆపేశారు.

మీ కొట్లో అమ్మే బియ్యం గురించి ఒక మాట. బాపట్లలో పుట్టిన బీపీటీ, అదే సాంబ మసూరి, ఎండాకు తెగులుకు తట్టుకునేది కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తెగులు తట్టుకునే మూడు జన్యువులను వేరే వరి నుంచి మామూలు సంకరంతోనే తెచ్చి, మెరుగైన సాంబ మసూరిని 2008లో విడుదల చేశాయి. డీఎన్ఏ పరీక్షను ఏ పిలకలో ఆ జన్యువు వచ్చిందో చూడటానికే వాడారు. 2025 మే 4న అదే రాజేంద్రనగర్ సంస్థ చేసిన ఇంకో సాంబ మసూరిని కేంద్రం ప్రకటించింది. పేరు కమల. ఈసారి డీఎన్ఏ పోగును అనుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ అనే కత్తెర వాడారు. బయటి నుంచి ఏ జన్యువూ తేలేదు, కంకికి గింజలు ఎక్కువ పట్టకుండా అదుపు చేసే ఒక జన్యువు దగ్గర చిన్న మార్పు చేశారు. అన్నంగా తినడం గురించి నాకు బెంగ లేదు. నాకున్న ప్రశ్న వేరు. ఆ కత్తెర మీద పేటెంట్లున్నాయి. విత్తనం రైతు చేతికి వచ్చేటప్పుడు వాటి బరువు ధర మీద పడుతుందా? దాచుకుని మళ్లీ వేసుకునే హక్కు ఉంటుందా? వీటికి జవాబు రాతపూర్వకంగా రావాలి.

అదే కత్తెర వైద్యంలో చేస్తున్న పని చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. మీ జిల్లాకు ఆనుకునే ఉన్న భద్రాచలం ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బుతో, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బుతో, నొప్పికి మెలికలు తిరిగే పిల్లలున్నారు. 300 కోట్ల ముడుల్లో ఒక్కటి తప్పు పడినందుకు ఆ బాధ. 2023 చివర బ్రిటన్‌లో, అమెరికాలో దీనికి క్రిస్పర్ చికిత్సకు అనుమతి వచ్చింది. రోగి రక్తాన్ని పుట్టించే కణాలను బయటికి తీసి, ఆ కత్తెరతో మార్పు చేసి, మళ్లీ ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆ పిల్లలకు అది ఎప్పుడు అందాలి? అది ఒక దుఃఖం. ఈ మార్పు ఆ రోగి ఒంట్లోనే ఆగిపోతుంది, పిల్లలకు పోదు. 2018లో చైనాలో ఒకాయన పిండాల్లోనే జన్యువు మార్చి ఆడ కవలల్ని పుట్టించానని ప్రకటించాడు. ఆ మార్పు తరాలకు పోతుంది, ఆ పిల్లల్ని ఎవరూ అడగలేదు. ఆయనకు మూడేళ్ల జైలు పడింది, నా దృష్టిలో సబబే. మనిషిని క్లోన్ చేసినట్టు ఈ రోజుకీ రుజువు లేదు. క్లోనింగ్‌తో బిడ్డను పుట్టించడాన్ని మన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, మార్గదర్శకాలు నిషేధించాయి.

ఇంకోసారి అలాంటి మెసేజ్ వస్తే మీరు అడగాల్సినవి ఇవే. ఏ ప్రాణిలో ఏం మార్చారు? ఆ మార్పు మన ఒంట్లోకి వస్తుందా, అక్కడే ఆగుతుందా? ఎవరు పరీక్షించారు? లాభం ఎవరికి? ఇన్సులిన్‌కు, పత్తికి, కమల వరికి జవాబులు వేరువేరుగా వచ్చాయి చూడండి.

మొన్న ఆదివారం మీ అబ్బాయి ఫోన్ చేశాడు. డాక్టరుగారు చెప్పినట్టు సూది మళ్లీ మొదలుపెట్టారని విని గుండెల మీది నుంచి బరువు దిగింది. నాయనమ్మ ఒక్క మాట అడగమందట, ఇందులో ఆవుది ఏమీ లేదు కదా అని. మా నాన్నగారు గుర్తొచ్చారు. సీసా మీద చిన్న అక్షరాల్లో హ్యూమన్ ఇన్సులిన్ అని, పక్కన ఆర్-డీఎన్ఏ ఆరిజిన్ అని ఉంటుంది, మీవాణ్ని చదివి వినిపించమనండి. ఆ రెండో మాటకు అర్థం, ఏ పశువు క్లోమంలోంచీ తీయలేదు, సూక్ష్మజీవితో చేయించారు అని. వాడని సీసాలు ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం కాదు. గడ్డకడితే ఇన్సులిన్ పాడైపోతుంది.